ఊరి బెంగ, ఊరి కన్ను

గోదావరి జిల్లాల్లో కొత్తగా కట్టిన డాబాకి దిష్టి తీయడం మామూలే. ముందు వసారాలో బూడిద గుమ్మడికాయ, పిట్టగోడ మీద గుడ్లురిమే రాక్షసి మొహం, కొన్నిచోట్ల లారీల వెనక కనిపించే ఆ పాత మాట కూడా: ‘నన్ను చూసి ఏడవకురా’. ఆ డాబా కువైట్ డబ్బుతోనో డాలర్లతోనో లేచిందైతే గుమ్మడికాయ కాస్త పెద్దదే ఉంటుంది. ఇల్లు కట్టించిన మనిషి మాత్రం ఆ వసారాలో కుర్చీ వేసుకుని కూర్చునేది రెండేళ్లకో మూడేళ్లకో ఒక నెల.

పరాయి దేశం వెళ్లినవాళ్ల బెంగ గురించి జాలిగా మాట్లాడుకుంటాం. ఉండిపోయినవాళ్ల కుళ్లు గురించి చిరాగ్గా మాట్లాడుకుంటాం. రెంటికీ సంబంధం లేనట్టే ఉంటుంది మన మాట. డెల్టా ఊళ్లలో మాత్రం ఒకదాని తిండి ఇంకొకటి తిని పెరుగుతున్నాయి. వాటిని కలిపేది మౌనం. అక్కడి కష్టం ఇక్కడ చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే కష్టమే లేదనుకుంటారు. లేదనుకున్నవాళ్లకి కడుపు మండుతుంది. అలా మండినవాళ్లలో ఒకరిద్దరు మరుసటేడు పాస్‌పోర్టుకి అప్లై చేసి వస్తారు. వాళ్లూ వెళ్లాక నోరు విప్పరు.

ఇది సెల్‌ఫోన్లతో వచ్చిన తెగులు కాదు. కాకినాడకి దిగువన ఉన్న కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 19వ శతాబ్దంలో ఇక్కడి నుంచి మారిషస్ చెరకు తోటలకి, బర్మాకి కూలీలు ఓడలెక్కారు. 1839 నవంబరు తుపాను ఆ రేవుని ఊడ్చేసింది గానీ వలసని ఆపలేకపోయింది. బర్మాలో తెలుగువాళ్లందరికీ ‘కోరంగీలు’ అనే పేరే స్థిరపడింది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులు. రంగూన్‌ని ఇక్కడ రంగం అనేవారు. ఇళ్లలో ‘రంగం వెళ్లాడు’ అంటే సంపాదనకి వెళ్లాడని అర్థం, అంతకు మించి ఎవరూ అడిగేవారు కాదు. 1930లో రంగూన్ రేవులో కోరంగీ కూలీలకీ బర్మా వాళ్లకీ మధ్య రక్తపాతం జరిగింది. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక, 1942లో లక్షలమంది భారతీయులు కాలినడకన అడవులు దాటి తిరిగొచ్చారు, దారిలో ఎందరో పోయారు. అప్పటిదాకా ఊరికి మనియార్డర్లు వచ్చాయి, బస్తాలు మోసిన భుజాల సంగతి రాలేదు.

అసలు ఇంత పచ్చటి చోటు నుంచి ఎందుకు వెళ్లాలన్నది బయటివాళ్లు తరచూ అడిగే ప్రశ్న. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ నేలకి రెండు పంటల నీళ్లిచ్చింది. అయితే నీళ్లొచ్చింది భూమికి. భూమి లేనివాళ్లకి వచ్చింది పని, అదీ నాట్లప్పుడు, కోతలప్పుడు. కోత మిషన్లొచ్చాక ఆ కోతల పనీ తగ్గింది. భీమవరం చుట్టుపక్కల వరి చేలు రొయ్యల చెరువులయ్యాక ఎకరాకి పట్టే మనుషులు ఇంకా తగ్గారు. కౌలు రైతుకి కౌలు కట్టగా మిగిలేది ఏ ఏటికా ఏడు చూసుకోవాల్సిందే. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులే గిట్టుబాటు కావట్లేదని క్రాప్ హాలిడే ప్రకటించి పొలాలు బీడు పెట్టారు. అన్నపూర్ణ అని పేరున్న చోట ఇలా జరగడం చాలామందికి వింతగా తోచింది. భూమి లేని కూలీలుండే పేటల్లో వాళ్లకి తోచలేదు.

ఇక్కడే బెంగలో రెండు రకాలు కనిపిస్తాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాడి బెంగ ఎక్కువగా చోటు మీద ఉంటుంది. కొబ్బరితోట, కాలవ గట్టు, తాతగారి మండువా లోగిలి, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, వరద నీళ్లతో పాటు వచ్చే పులస. ఆ తోట వాళ్లది కాబట్టి, ఆ లోగిలి వాళ్లది కాబట్టి, ఆ బెంగకి ఒక బొమ్మ ఉంది, దాన్ని ఫోన్లో వాల్‌పేపర్‌గా పెట్టుకోవచ్చు. కువైట్‌లో ఇంటిపని చేస్తున్న అయినవిల్లి వైపు మనిషికి కొబ్బరితోట అంటే పీచు ఒలిచే చోటో, కాయలు మోసే చోటో. ఆమె బెంగ చోటు మీద కాదు, పెద్దపిల్ల బాగానే ఉందా, చిన్నవాడు బడికి పోతున్నాడా, పంపిన డబ్బు మొగుడు తాగేస్తున్నాడా అన్నవాటి మీద. ఊరంటే ప్రేమ లేక కాదు, అటు చూసేందుకు ఆమెకి తీరికేదీ? గోదావరి అందాల గురించి వలసపోయినవాళ్లు రాసే రాతల్లో మొదటి రకం బెంగే అంతా ఆక్రమించుకుంది. రెండోదానికి ఫొటో లేదు. (పచ్చళ్ల కొట్టువాళ్లకి మాత్రం ఇద్దరి బెంగా ఒకటే, కిలో లెక్కే.)

అసూయ ఎలా పనిచేస్తుందో చూడాలంటే గల్ఫ్ నుంచి వచ్చిన సూట్‌కేసు తెరిచే పూట చూడాలి. హైదరాబాద్‌లో విమానం దిగి, రాత్రి బస్సులోనో గౌతమి ఎక్స్‌ప్రెస్‌లోనో తెల్లారేసరికి ఊరు చేరుతుంది ఆమె. మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా ఇంట్లోనే ఉంటుంది. పెట్టె మధ్యలో పెడతారు. పైన మెత్తటి రగ్గులు, కింద ఖర్జూరం డబ్బాలు, టాంగ్ పొడి, సెంటు సీసాలు, నొప్పుల బామ్ డబ్బీలు, సబ్బులు, పిల్లల బొమ్మలు. ఎవరికి ఏం తెచ్చిందన్నది అందరి ముందే తేలిపోతుంది. ఆడబిడ్డకి రగ్గు, పిన్నికి సెంటు, పక్కింటావిడకి రెండు సబ్బులు. సబ్బులు అందుకున్నావిడ “మాకెందుకమ్మా ఇయ్యన్నీ, నువ్వు చల్లగా వచ్చావు, అదే చాలు” అంటుంది. ఇంటికెళ్లాక ఆ సబ్బుల్ని కూతురి ముందు పడేసి, “మూడేళ్లు దాని పిల్లల్ని కనిపెట్టుకున్నందుకు ఇదీ” అంటుంది. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు, చంటివాడికి జ్వరమొస్తే అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆమే. తెచ్చినామె చేసిన తప్పూ లేదు, పెట్టెలో పట్టేది అంతే, అప్పు ఇంకా తీరలేదు. ఆ అప్పు సంగతి పెట్టె చుట్టూ కూర్చున్నవాళ్లకి ఆమె చెప్పదు. చెబితే, ఇచ్చిన సబ్బుల విలువ కూడా పడిపోతుంది.

ఈ మౌనాన్ని తెలుగువాళ్ల గుణం అనుకోనక్కర్లేదు. అబ్దెల్‌మాలిక్ సాయద్ అనే అల్జీరియా సామాజిక శాస్త్రవేత్త, తన దేశం నుంచి ఫ్రాన్స్ వెళ్లిన కూలీలతో ఏళ్ల తరబడి మాట్లాడి, వలస నిలబడేదే ఒక ఉమ్మడి అబద్ధం మీద అని తేల్చాడు. వెళ్లినవాడు బాగున్నానంటాడు, ఊరు నమ్ముతుంది, తర్వాతివాడు బయల్దేరతాడు, వెళ్లాక తెలిసినా అదే మాట అంటాడు. ఇక బయల్దేరడానికి కారణం పేదరికం ఒక్కటే కాదని, పక్కవాడితో పోల్చుకున్నప్పుడు కలిగే లోటు కూడా మనిషిని కదిలిస్తుందని ఆర్థికవేత్త ఓడెడ్ స్టార్క్ 1980లలో వాదించాడు. మెక్సికో పల్లెల లెక్కలతో ఆ వాదానికి ఆధారం కూడా చూపించాడు. కోనసీమలో దీనికి లెక్కలు అక్కర్లేదు. ఒక వీధిలో మొదటి డాబా లేచాక, పక్కనున్న పెంకుటిల్లు నిన్నటి కంటే చిన్నదేమీ అవదు. అందులోవాళ్లకే అది చాలకుండా పోతుంది.

అయితే అందరి డాబా మీదా ఊరి కన్ను ఒకేలా పడదు. పెద్ద వీధిలోంచి అమెరికా వెళ్లిన అబ్బాయి కట్టించిన మేడ ఊరికి గొప్ప. గుడికి చందా ఇచ్చినవాడి పేరు గ్రానైట్ పలక మీద కూడా చెక్కిస్తారు. పేటలోంచి మస్కట్ వెళ్లిన ఆడమనిషి కట్టుకున్న రెండు గదుల డాబా మీద పడేది అనుమానం. ‘అక్కడేం చేసి సంపాదించిందో’ అన్న మాట రచ్చబండ దగ్గర ఎంత తేలిగ్గా అనేస్తారో, అది ఆమె కూతురి పెళ్లి సంబంధాల దాకా అంత దూరమూ వెళుతుంది. ఈ మాట అనేది పేటవాళ్లు మాత్రమే కాదు. ఒకప్పుడు ఆమె నాట్లకి వచ్చిన పొలం ఆసామీలూ అంటారు, కూలికి మనుషులు దొరకట్లేదన్న కోపం అందులో కలిసి ఉంటుంది. కోనసీమ, పశ్చిమ గోదావరి నుంచి గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లేవాళ్లలో దళిత, బీసీ కుటుంబాల ఆడవాళ్లు చాలామంది. కాబట్టి ఇక్కడ అసూయ అనే మాటతో సరిపెట్టేయడం కుదరదు. కొన్ని ఇళ్లు ఎత్తు పెరగకూడదన్న పాత లెక్క అందులో ఉంది.

ఆమె నోరు విప్పకపోవడానికి పరువు ఒక కారణమైతే, వెళ్లిన దారి ఇంకో కారణం. పదో తరగతి పాసవనివాళ్ల పాస్‌పోర్టుకి ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వయిర్డ్) వర్తిస్తుంది. అంటే గల్ఫ్ సహా 18 దేశాలకి పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ దేశాల్లో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకి 30 ఏళ్లు నిండి ఉండాలి. 2016 నుంచి వాళ్లని ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే పంపాలన్న నిబంధన కూడా ఉంది. కాపాడదామనే పెట్టారు ఇవన్నీ. జరిగింది మాత్రం సగం సగం. ఇరవై అయిదేళ్ల ఆమెకి పిల్లల ఫీజు 30 నిండేదాకా ఆగదు. ఊళ్లో ఏజెంటు విజిట్ వీసా మీద పంపిస్తానంటాడు, లేదా వయసు పెంచి కాగితాలు పుట్టిస్తాడు. ఖర్చులకి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు కూడా వాడే చూపిస్తాడు. అలా వెళ్లినామె పేరు ప్రభుత్వం లెక్కల్లో ఉండదు. అనుమతితో వెళ్లినవాళ్లకి వచ్చే 10 లక్షల ప్రవాసీ బీమా ఆమెకి లేదు. కువైట్‌లో 2015లో వచ్చిన ఇంటిపనివాళ్ల చట్టం రోజుకి 12 గంటలకి మించి పని వద్దంటుంది, వారానికో సెలవు ఇమ్మంటుంది. 2016లో కనీస జీతం 60 దినార్లుగా పెట్టారు. ఈ సంగతి ఆమెకి చెప్పేదెవరు? పాస్‌పోర్టు కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) బీరువాలో, ఫోను రాత్రి పది తర్వాత చేతిలో. వీడియో కాల్‌లో కూతురు “ఎలా ఉన్నావమ్మా” అంటే “బానే ఉన్నా, మీరు తిన్నారా” అంటుంది. ఆ కాల్ అప్పుడు వెనకాల కనిపించేది వాళ్ల సారు హాల్లోని సోఫా. మర్నాడు బడిలో కూతురు చెప్పేది కూడా ఆ సోఫా గురించే.

అమెరికా వైపు కథలో ఇంత కటువు లేదు, మౌనం మాత్రం ఉంది. కంపెనీలకి ఏటా ఇచ్చే కొత్త హెచ్‌1బీ ఉద్యోగ వీసాల పరిమితి 85,000. గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న నిబంధన వల్ల భారతీయుల వరస ఏళ్లకేళ్లు సాగుతోంది. 2025 సెప్టెంబరులో, అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్‌1బీ దరఖాస్తు మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. ఇదంతా తణుకులో సంబంధాలు చూసేవాళ్లకి పైపైన తెలుసు. అయినా పేరయ్య నోట ‘అబ్బాయి అమెరికా అండి’ అన్న మాట బరువు పెద్దగా తగ్గలేదు. అబ్బాయి కూడా టెన్షన్ ఇంట్లో చెప్పడు. అమ్మకి బీపీ, నాన్న పొలం తాకట్టు పెట్టి పంపాడు, చెప్పి ఏం లాభం?

ఈ కథలో ఎవరూ పట్టించుకోని మనిషి ఇంకొకరున్నారు, పురుడు పోయడానికి అమెరికా వెళ్లిన తల్లి. విజిటర్ వీసా మీద ఆరు నెలలు. కూతురూ అల్లుడూ పొద్దున్నే ఉద్యోగాల్లో పడతారు, చంటిపిల్లతో ఆమె. బయట మంచు. నడిచి వెళ్లేంత దూరంలో కొట్టు లేదు, గుడి లేదు, పలకరించే గొంతు లేదు. పాలకొల్లులో పాలవాడితో, పనిమనిషితో, పూలమ్మితో కలిపి రోజుకి ఎంతమందితో మాట్లాడేదో ఆమెకి అక్కడే తెలుస్తుంది. ఆరు నెలలయ్యాక తిరిగొచ్చి నయాగరా ముందు నీలం రెయిన్‌కోటులో దిగిన ఫొటో అందరికీ చూపిస్తుంది. “మీకేంటండీ, అమెరికా చూసొచ్చేశారు” అంటుంది ఎదురింటావిడ. “ఆయ్, బాగుందండీ” అని ఊరుకుంటుంది. వంటింట్లో ఒక్కతే నిలబడి రేడియో యాప్‌లో విజయవాడ కేంద్రం వార్తలు వెతుక్కున్న పూటలు ఆ ఫొటోలో లేవు. మరుసటేడు ఎదురింటావిడ తన కొడుకుని ఎమ్మెస్‌కి పంపే అప్పు గురించి బ్యాంకులో కనుక్కుంటుంది.

అసూయ ఇటు నుంచి అటే పోతుందనుకోవడం సగమే నిజం. అక్కడున్నవాడి బెంగలో చాలా భాగం ఇక్కడున్నవాడి మీద అసూయే. తమ్ముడు ఊళ్లో ఉన్నాడు. రొయ్యల మేత డీలర్‌షిప్ ఉంది, సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర ముందు వరసలో కుర్చీ ఉంది, అమ్మ చేతి వంట ఉంది. అన్నకి ఇవన్నీ స్క్రీన్ మీద. తమ్ముడి లెక్క వేరు. అమ్మకి షుగరు, నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్, రాజమండ్రి తీసుకెళ్లేది తను, ఆసుపత్రి కుర్చీలో కునికిపాట్లు తను. ‘పెద్దోడు డబ్బు పంపాడు కాబట్టి గట్టెక్కాం’ అని నాన్న వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. పంపినవాడికి పేరు, పక్కనున్నవాడికి చాకిరీ. ఇద్దరూ ఫోన్లో కొబ్బరి ధర గురించి, క్రికెట్ గురించి మాట్లాడుకుంటారు. నాన్న పోయాక ఫ్రీజర్ బాక్స్ అద్దెకి తెచ్చి, అన్న వచ్చేదాకా రెండు రోజులు శవాన్ని ఉంచుతారు. వీసా స్టాంపింగ్ చిక్కుంటే అన్న రాలేడు, తమ్ముడే తలకొరివి పెడతాడు. పెద్దకర్మ నాటికి బంధువుల్లో సగంమంది ‘డాలర్లున్నాయి గానీ ఏం లాభం’ అంటారు. అది సానుభూతి మాటలా వినిపిస్తుంది గానీ, ఇన్నేళ్లుగా అణచుకున్నది ఆ పూట బయటపడుతుంది. తర్వాత ఆస్తి పంపకాల్లో ఆ ఫ్రీజర్ బాక్స్ రెండు రోజుల ప్రస్తావన వస్తుంది. దాన్ని ఆస్తి తగాదా అనేసి వదిలేస్తారు.

బెంగ తీర్చుకోవడానికి పంపే డబ్బే ఆ ఊరిని మార్చేస్తుందన్నది దీంట్లో ఇంకో చిక్కు. ఎప్పటికైనా తిరిగొస్తామన్న ఆశతో కొన్న స్థలాలు, తోటలు ధరలు పెంచాయి. ఆ ధరకి ఊళ్లో ఉన్న రైతు కొడుకు అరెకరం కొనలేడు, అతనూ బయటికే చూస్తాడు. కట్టిన మేడల్లో తాళాలు వేసినవి చాలా. కొన్నింట్లో కింద వాటాలో ముసలి తల్లిదండ్రులు, పై అంతస్తులో ఎవరూ పడుకోని ఏసీ గది. సంక్రాంతి మూడు రోజులూ వీధి నిండా కార్లు, తర్వాత వాచ్‌మన్. మారిపోయిందంటూ వచ్చినప్పుడల్లా నొచ్చుకునే ఊరిని, కొంతవరకు వాళ్లే మార్చారు. పైగా వచ్చిన నెలలో వాళ్లని ఊరు చూసేది చేబదులు ఇవ్వగల మనిషిగా. నలుగురికి ఇచ్చి అయిదోవాడికి లేదంటే ‘పొగరెక్కింది’ అంటారు. దాంతో తిరుగు ప్రయాణంలో కాస్త తేలికపడ్డవాళ్లూ ఉన్నారు. మళ్లీ ఆర్నెల్లకి అదే బెంగ.

మౌనానికి అసలు ఖరీదు కట్టేది ఎవరో చూస్తే లెక్క తేటపడుతుంది. తిరిగొచ్చినామెకి తెలిసినవి చాలా విలువైనవి. ఏ ఏజెంటు మాట మీద నిలబడతాడు, ఏ దేశంలో జీతం నెలనెలా వస్తుంది, వీసా కాగితంలో ఏం చూసుకోవాలి, సెలవు అడగొచ్చా, పాస్‌పోర్టు లాక్కుంటే ఎంబసీకి ఎలా చేరాలి. వెళ్లబోయేవాళ్లకి శిక్షణ ప్రభుత్వం పేరుకి ఇస్తూనే ఉంది, విదేశీ ఉద్యోగాలకి పంపే ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థ రాష్ట్రంలో ఉంది. కానీ విజిట్ వీసా మీద పోయేవాళ్లు ఆ గుమ్మం తొక్కరు. ఈ సంగతులు ఆమె వీధిలో చెప్పదు, చెబితే తన కష్టం కూడా చెప్పాల్సి వస్తుంది. చెల్లెలికి చెబుతుంది, మేనకోడలికి చెబుతుంది, అదీ రాత్రి తలుపేసుకుని. ఆ చెల్లెలు మంచి ఇంట్లో పడుతుంది, వెళ్లే ముందే జీతం మాట్లాడుకుంటుంది, బ్యాంకు ఖాతా మొగుడి పేరున కాకుండా తల్లి పేరున తెరిపిస్తుంది. గల్ఫ్‌లో చుట్టాలెవరూ లేని పక్కింటి అమ్మాయికి తెలిసింది రగ్గులు, సెంటు సీసాలు, వీడియో కాల్‌లో సోఫా. ఆమె దగ్గరికి వచ్చేది ఏజెంటు.